తక్కువ గ్రాములా, తక్కువ మోల్సా? లిమిటింగ్ రియేజెంట్‌ను తేల్చేదేది

ప్రశ్న: లిమిటింగ్ రియేజెంట్, అంటే చర్యలో ముందు అయిపోయే పదార్థాన్ని పట్టుకునే లెక్కల్లో మోల్స్ కట్టేదాకా నాకు ఇబ్బంది లేదు. ఆ తర్వాతే తడబడుతున్నాను. మొదట్లో గ్రాములు తక్కువున్న పదార్థాన్ని తీసుకునేవాణ్ని, తప్పన్నారు. ఇప్పుడు మోల్స్ తక్కువున్నదాన్ని తీసుకుంటున్నాను. కొన్ని లెక్కలు సరిపోతున్నాయి, కొన్ని తప్పుతున్నాయి. ఇంకో సంగతి. ల్యాబ్‌లో 2.00 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం, 5.0 మి.లీ. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో ఆస్పిరిన్ తయారుచేశాను. 3.08 గ్రాములు తూగింది. దిగుబడి 118 శాతం వచ్చింది. తప్పు లెక్కలో ఉందా, ప్రయోగంలో ఉందా?

జవాబు: మీ 118 శాతం లెక్క సరిగ్గానే ఉంది. తప్పంతా తూకం దగ్గర ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు మొదటి సందేహం తీరాలి, ఎందుకంటే లిమిటింగ్ రియేజెంట్ తప్పితే దిగుబడి శాతం ఎలాగూ తప్పుతుంది.

గ్రాములు తక్కువున్నా, మోల్స్ తక్కువున్నా అది ముందు అయిపోతుందని చెప్పలేం. ఒక పదార్థం ఎంత ఉందన్నదానితోపాటు, చర్య దాన్ని ఏ నిష్పత్తిలో ఖర్చు చేస్తుందన్నదీ చూడాలి. ఆ ఖర్చు తుల్య సమీకరణంలో పదార్థం ముందు రాసే అంకెలో, అంటే గుణకంలో ఉంటుంది. సమీకరణంలో రాసినంత చర్య ఒక్కసారి జరగడాన్ని ఒక విడత అనుకోండి. మీ దగ్గరున్న మోల్స్‌ను ఆ పదార్థపు గుణకంతో భాగిస్తే, అది ఎన్ని విడతలకు సరిపోతుందో తెలుస్తుంది. ఎవరి విడతలు తక్కువైతే వారే లిమిటింగ్ రియేజెంట్. మీరు వదిలేస్తున్నది ఈ ఒక్క భాగహారాన్నే.

14 గ్రాముల నైట్రోజన్, 2 గ్రాముల హైడ్రోజన్ ఉన్నాయనుకుందాం.

1 నైట్రోజన్ + 3 హైడ్రోజన్ → 2 అమోనియా

గ్రాముల్ని మోలార్ ద్రవ్యరాశితో, అంటే ఒక మోల్ బరువుతో భాగిస్తే మోల్స్ వస్తాయి. నైట్రోజన్ 14 ÷ 28 = 0.5 మోల్. హైడ్రోజన్ 2 ÷ 2 = 1 మోల్. మోల్స్ తక్కువున్నది నైట్రోజన్. మీ పద్ధతిలో అదే లిమిటింగ్ అవుతుంది. కానీ గుణకాలతో భాగించి చూడండి. నైట్రోజన్ 0.5 ÷ 1 = 0.5 విడత. హైడ్రోజన్ 1 ÷ 3 = 0.333 విడత. ముందు అయిపోయేది హైడ్రోజన్. అమోనియా 0.333 × 2 = 0.667 మోల్, అంటే 11.33 గ్రాములు. మిగిలే నైట్రోజన్ 0.5 − 0.333 = 0.167 మోల్, అంటే 4.67 గ్రాములు. రెండూ కలిపితే 16.00. మొదట తీసుకున్నదీ 14 + 2 = 16 గ్రాములే.

గ్రాములు చూసి మోసపోయే లెక్క ఇంకొకటి. 27 గ్రాముల అల్యూమినియం, 71 గ్రాముల క్లోరిన్. రెండూ సరిగ్గా ఒక్కో మోల్. సమీకరణంలో 2 అల్యూమినియానికి 3 క్లోరిన్. విడతలు 0.5, 0.333. గ్రాముల్లో రెండున్నర రెట్లకు పైగా ఉన్న క్లోరినే ముందు అయిపోతుంది, 9 గ్రాముల అల్యూమినియం మిగిలిపోతుంది. మోల్స్ తక్కువున్నదాన్ని పట్టుకునే మీ పద్ధతికి ఇక్కడ జవాబే లేదు, రెండూ సమానం కాబట్టి. గుణకాలు రెండూ సమానమైన చర్యల్లో మాత్రమే మీ పద్ధతి ఎప్పుడూ నిలుస్తుంది. మిగతాచోట్ల సరిపోయిందంటే అది అంకెల అదృష్టమే.

ఇప్పుడు ఒక పూర్తి లెక్కను మొదటినుంచి చివరిదాకా చేద్దాం. 40.0 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడ్, 15.0 గ్రాముల అల్యూమినియం పొడి. చర్య అయ్యాక 25.2 గ్రాముల ఇనుము చేతికొచ్చింది. దిగుబడి శాతం ఎంత?

1 ఫెర్రిక్ ఆక్సైడ్ + 2 అల్యూమినియం → 2 ఇనుము + 1 అల్యూమినియం ఆక్సైడ్

ఫెర్రిక్ ఆక్సైడ్: 40.0 ÷ 159.7 = 0.2505 మోల్. విడతలు 0.2505.
అల్యూమినియం: 15.0 ÷ 26.98 = 0.5560 మోల్. విడతలు 0.5560 ÷ 2 = 0.2780.

లిమిటింగ్ రియేజెంట్ ఫెర్రిక్ ఆక్సైడ్. ఇక్కడినుంచి 0.2780 అనే అంకెతో మనకు పని లేదు, దాన్ని కొట్టేయండి. ఇకపై ప్రతి లెక్కా 0.2505 నుంచే మొదలవ్వాలి.

ఇనుము: 0.2505 × 2 = 0.5010 మోల్, × 55.85 = 27.98 గ్రాములు. ఇది సైద్ధాంతిక దిగుబడి, అంటే నష్టమేమీ లేకపోతే రావాల్సింది.
అల్యూమినియం ఆక్సైడ్: 0.2505 × 101.96 = 25.54 గ్రాములు.
ఖర్చైన అల్యూమినియం: 0.5010 మోల్. మిగిలింది 0.0550 మోల్, అంటే 1.48 గ్రాములు.

సరిచూడండి: 27.98 + 25.54 + 1.48 = 55.00. తీసుకున్నది 40.0 + 15.0 = 55.0. ఈ కూడిక అర నిమిషం పని, దీన్ని ఎప్పుడూ మానొద్దు. మొత్తం కలవలేదంటే సమీకరణం తుల్యం కాలేదనో, మోలార్ ద్రవ్యరాశి తప్పిందనో, మిగిలినదాన్ని తప్పు అంకెనుంచి తీసేశారనో అర్థం. పొరపాటున అల్యూమినియాన్ని లిమిటింగ్‌గా తీసుకుంటే మొత్తం కలుస్తుంది, కానీ మిగులు లెక్కలో తప్పు బయటపడుతుంది. ఫెర్రిక్ ఆక్సైడ్ మిగులు రుణసంఖ్యగా వస్తుంది. లేని పదార్థం ఖర్చు కాదు కదా.

దిగుబడి శాతం: 25.2 ÷ 27.98 × 100 = 90.1.

కొందరు ప్రతి క్రియాజనకంనుంచీ (చర్యలోకి వెళ్లే పదార్థం) క్రియాజన్యం (చర్యలో పుట్టే పదార్థం) ఎన్ని గ్రాములొస్తుందో విడివిడిగా కట్టి, తక్కువ వచ్చినదాన్ని తీసుకుంటారు. అదీ సరైనదే, లోపల జరిగేది అదే భాగహారం. కానీ క్రియాజనకాలు మూడైతే మూడుసార్లు చివరిదాకా వెళ్లాలి, పైగా మిగిలినదెంతో మళ్లీ వేరే కట్టాలి. అందుకే విడతల పద్ధతినే నేను ఎంచుకోమంటాను. ఏ పద్ధతిలోనైనా ఒక్క పని చేయకండి: రెండు క్రియాజనకాలనుంచి వచ్చిన రెండు జవాబుల్ని కూడడం. అమోనియా లెక్కలో నైట్రోజన్‌నుంచి 17 గ్రాములు, హైడ్రోజన్‌నుంచి 11.33 గ్రాములు వస్తాయి. రెండూ కలిపి 28.33 అని రాసినవాళ్లు 16 గ్రాముల సరుకునుంచి 28 గ్రాములు పుట్టిస్తున్నారన్నమాట.

భాగహారం నేర్చాక కూడా లెక్క తప్పుతోందంటే, చాలాసార్లు తప్పు మోల్స్ దగ్గరే ఉంటుంది. మోల్స్‌తో మీకు ఇబ్బంది లేదన్నారు, అయినా ఈ కింది చోట్ల ఒకసారి ఆగి చూడండి.

నైట్రోజన్, హైడ్రోజన్, ఆక్సిజన్, క్లోరిన్ లాంటి వాయువులు జంట పరమాణువుల అణువులు. క్లోరిన్‌కు 71 వేయాలి, 35.5 వేస్తే మోల్స్ రెట్టింపై లిమిటింగ్ రియేజెంట్ తారుమారవుతుంది. పై అల్యూమినియం లెక్కలో 35.5 వేసి చూడండి, క్లోరిన్ విడతలు 0.667 అయి అల్యూమినియం లిమిటింగ్ అయిపోతుంది.

స్ఫటిక జలం ఇంకా తెలివైన ఉచ్చు. 5.00 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు) నీటిలో కరిగించి 1.50 గ్రాముల ఇనుప పొడి వేశారు, 1.20 గ్రాముల రాగి వచ్చింది. సమీకరణంలో అన్ని గుణకాలూ 1. మైలుతుత్తం స్ఫటికంలో ఐదు నీటి అణువులుంటాయి, మోలార్ ద్రవ్యరాశి 249.7. కాబట్టి 0.0200 మోల్. ఇనుము 1.50 ÷ 55.85 = 0.0269 మోల్. కాపర్ సల్ఫేట్ లిమిటింగ్. రాగి 1.27 గ్రాములు రావాలి, దిగుబడి సుమారు 94 శాతం. నీటిని మరిచి 159.6 వేస్తే కాపర్ సల్ఫేట్ 0.0313 మోల్ అయి, ఇనుము లిమిటింగ్‌గా కనబడుతుంది. సైద్ధాంతిక దిగుబడి 1.71 గ్రాములకు పెరిగి, దిగుబడి 70 శాతానికి పడిపోతుంది. చక్కగా చేసిన ప్రయోగం పాడైనట్టు కనిపిస్తుంది. సీసా మీది ఫార్ములాలో చుక్క తర్వాత నీరు రాసుందేమో చూడకుండా మోలార్ ద్రవ్యరాశి వేయకండి.

శుద్ధత, గాఢత రెండూ కలిసొచ్చే లెక్కలూ ఉంటాయి. 80 శాతం శుద్ధమైన సున్నపురాయి 12.5 గ్రాములు, 1.00 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 150 మి.లీ. ముందు శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ ఎంతో తీయాలి: 12.5 × 0.80 = 10.0 గ్రాములు, అంటే 0.100 మోల్. ఆమ్లం 0.150 లీటరు × 1.00 = 0.150 మోల్. ఒక కార్బొనేట్‌కు రెండు ఆమ్లం కావాలి కాబట్టి ఆమ్లం విడతలు 0.075. ఆమ్లమే లిమిటింగ్. కార్బన్ డయాక్సైడ్ 0.075 మోల్, 3.30 గ్రాములు. కార్బొనేట్ 2.5 గ్రాములు మిగులుతుంది. మలినాలు ఆమ్లంలో కరగనివైతే వాటి 2.5 గ్రాములూ కలిపి అడుగున 5.0 గ్రాముల ఘనపదార్థం ఉంటుంది. శుద్ధత శాతాన్ని మొదట్లోనే క్రియాజనకానికి వాడాలి, దిగుబడి శాతాన్ని చివర్లో క్రియాజన్యానికి వాడాలి. రెండూ శాతాలే కావడంతో చాలామంది ఒకదానిచోట మరొకటి వేస్తారు.

అదే కార్బన్ డయాక్సైడ్‌ను లీటర్లలో అడిగితే, ప్రశ్నలో ఏ పీడనం చెప్పారో చూడండి. 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ వద్ద మోల్‌కు 22.4 లీటర్లు, 1.68 లీటర్లు వస్తుంది. 0 డిగ్రీలు, 1 బార్ వద్ద 22.7 లీటర్లు, 1.70 వస్తుంది. పాత పుస్తకాలు మొదటిది, కొత్తవి రెండోది వాడతాయి. ఎదురుగా ఉన్నది ద్రవమైతే 22.4 జోలికే వెళ్లొద్దు, సాంద్రతతో గ్రాముల్లోకి మార్చాలి.

ఇప్పుడు మీ ఆస్పిరిన్. సాలిసిలిక్ ఆమ్లం 2.00 ÷ 138.12 = 0.01448 మోల్. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ సాంద్రత 1.08, కాబట్టి 5.0 మి.లీ. అంటే 5.4 గ్రాములు, ÷ 102.1 = 0.0529 మోల్. గుణకాలు రెండూ 1. లిమిటింగ్ రియేజెంట్ సాలిసిలిక్ ఆమ్లం, ఎన్‌హైడ్రైడ్ మూడున్నర రెట్లకు పైగా ఉంది. సైద్ధాంతిక దిగుబడి 0.01448 × 180.16 = 2.61 గ్రాములు. 3.08 ÷ 2.61 అంటే 118 శాతం. మీ పొరపాటు అంకెల్లో లేదని మొదట అన్నది ఇందుకే. ఎన్‌హైడ్రైడ్‌నుంచి కట్టి ఉంటే 9.53 గ్రాములు రావాలని తేలి, దిగుబడి 32 శాతమని రాసేవారు, ప్రయోగంలోని అసలు లోపం బయటపడేదే కాదు. ఆ 118 మీకు మేలే చేసింది.

100 దాటిన దిగుబడి అంటే పదార్థం ఎక్కువ పుట్టిందని కాదు, తూకంలో వేరేదేదో కలిసిందని. మీ తూకంలో కనీసం 0.47 గ్రాములు ఆస్పిరిన్ కాదు. వడపోత కాగితం మీదినుంచి తీసి వెంటనే తూచి ఉంటే అందులో ఎక్కువ భాగం నీరే. స్ఫటికాలు పైకి పొడిగా కనిపించినా వాటి మధ్య నీరు నిలుస్తుంది. కాగితంతో కలిపి తూచి, కాగితం బరువు తీసేయడం మరిచినా ఇలాగే జరుగుతుంది.

చేయాల్సిందిది. స్ఫటికాలను వాచ్ గ్లాస్ మీద పలచగా పరిచి, గాలికి ఆరనిచ్చి తూచండి. మళ్లీ కొంతసేపు ఆరబెట్టి తూచండి. వరుసగా రెండు తూకాల మధ్య తేడా 0.01 గ్రాము లోపుకు వచ్చేదాకా ఇలాగే సాగించండి. డెసికేటర్ (తేమను పీల్చేసే మూత పాత్ర) ఉంటే రాత్రంతా అందులో ఉంచితే మంచిది. తొందరపడి ఎక్కువ వేడి చేయొద్దు, తడిగా ఉన్న ఆస్పిరిన్ వేడికి మళ్లీ సాలిసిలిక్ ఆమ్లంగా విడిపోతుంది. ఆరాక ఉదాహరణకు 2.14 గ్రాముల దగ్గర తూకం ఆగిందనుకోండి, దిగుబడి 82 శాతం.

ఆరినంత మాత్రాన శుద్ధమని కాదు. చర్య జరగని సాలిసిలిక్ ఆమ్లం ఉంటే అదీ తూగుతుంది. కొన్ని స్ఫటికాలను కొద్దిపాటి ఆల్కహాల్‌లో కరిగించి, ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం వేయండి. ఊదా రంగు వచ్చిందంటే సాలిసిలిక్ ఆమ్లం ఉన్నట్టే. ఆస్పిరిన్ ఆ రంగునివ్వదు. రంగు గట్టిగా వస్తే పునఃస్ఫటికీకరణ చేసి, అంటే కరిగించి మళ్లీ స్ఫటికాలు కట్టించి, ఆరబెట్టి తూచాలి. శాతం తగ్గుతుంది, కానీ నమ్మదగిన అంకె అదే.

దిగుబడి 100కు ఎందుకు చేరదన్నదానికి కూడా ఇదే ప్రయోగంలో జవాబుంది. ఆస్పిరిన్ 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 3 గ్రాములు కరుగుతుంది. స్ఫటికాలను గది వేడిమిలో ఉన్న 50 మి.లీ. నీటితో కడిగితే 0.15 గ్రాము దాకా వడపోత నీటితో పోవచ్చు. అది మీ సైద్ధాంతిక దిగుబడిలో దాదాపు 6 శాతం. మంచునీటితో, కొద్దికొద్దిగా కడగమనేది అందుకే. పాత్ర గోడలకూ కాగితానికీ అంటుకున్నది ఇంకొంత. తక్కువ పదార్థంతో చేసే ప్రయోగంలో ఈ నష్టాలు శాతంలో పెద్దగా కనిపిస్తాయి.

ఇంతకీ ఎన్‌హైడ్రైడ్ అంత ఎక్కువ ఎందుకు పోశారు? మనం దాచుకోవాలనుకునే పదార్థాన్ని లిమిటింగ్‌గా ఉంచి, తర్వాత సులువుగా వదిలించుకోగల రెండోదాన్ని ఎక్కువ పోయడం ల్యాబ్ పద్ధతి. మిగిలిన ఎన్‌హైడ్రైడ్ నీరు పోస్తే ఎసిటిక్ ఆమ్లంగా మారి కడుగుళ్లలో పోతుంది. సమతాస్థితికి చేరి ఆగే చర్యల్లో ఎక్కువ పోయడానికి ఇంకో గట్టి కారణముంది. ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ ఒక్కో మోల్ తీసుకుంటే సమతాస్థిరాంకం 4 అనుకున్నప్పుడు 0.667 మోల్ ఎస్టర్ వచ్చి ఆగుతుంది. చేతిలో ఒక్క చుక్క వృథా కాకపోయినా దిగుబడి 66.7 శాతమే. ఇథనాల్ రెండు మోల్స్ తీసుకుంటే 84.5కు చేరుతుంది. సైద్ధాంతిక దిగుబడి మాత్రం రెండుసార్లూ ఒకటే, ఎందుకంటే అది లిమిటింగ్ రియేజెంట్ పూర్తిగా అయిపోతుందన్న ఊహ మీద కట్టింది.

దిగుబడి శాతం ముందే ఇచ్చి, ఎంత తీసుకోవాలని వెనక్కి అడిగే లెక్కల్లో భాగించాలి, గుణించకూడదు. 80 శాతం దిగుబడితో 10.0 గ్రాముల ఆస్పిరిన్ కావాలంటే 10.0 ÷ 0.80 = 12.5 గ్రాములకు సరిపడా మొదలుపెట్టాలి. అది 0.0694 మోల్, సాలిసిలిక్ ఆమ్లం 9.58 గ్రాములు. నష్టం ఉన్నప్పుడు మొదలుపెట్టేది ఎక్కువే ఉండాలి, జవాబు తగ్గిందంటే గుణించేశారన్నమాట. వరుస చర్యలైతే ఒక్కో మెట్టు శాతాల్ని గుణించాలి, సగటు తీయకూడదు. మూడు మెట్లూ 80 శాతమైతే చివరికి 0.8 × 0.8 × 0.8, అంటే 51.2 శాతం.

క్రియాజనకాలు మూడున్నా భాగహారం అదే. 2 పొటాషియం పర్మాంగనేట్, 5 ఆక్సాలిక్ ఆమ్లం, 3 సల్ఫ్యూరిక్ ఆమ్లం చర్య పొందుతాయి. వరుసగా 0.010, 0.020, 0.040 మోల్ తీసుకుంటే విడతలు 0.005, 0.004, 0.0133. ఆక్సాలిక్ ఆమ్లం ముందు అయిపోతుంది. 0.002 మోల్ పర్మాంగనేట్ మిగిలి, ద్రావణం ఊదాగానే నిలుస్తుంది. టైట్రేషన్‌లో మీరు చూసేదీ ఇదే. బ్యూరెట్‌నుంచి పర్మాంగనేట్ పడుతున్నంతసేపూ అదే లిమిటింగ్, రంగు పోతూ ఉంటుంది. ఒక్క చుక్కతో లేత గులాబీ రంగు నిలిచిందంటే లిమిటింగ్ స్థానం ఆక్సాలిక్ ఆమ్లానికి మారిందన్నమాట.

చివరగా మీరు చేయాల్సిన లెక్క. 8.50 గ్రాముల సిల్వర్ నైట్రేట్ కరిగి ఉన్న ద్రావణంలో, రెండు నీటి అణువులున్న కాల్షియం క్లోరైడ్ స్ఫటికాలు 3.30 గ్రాములు కరిగించి పోశారు. ఆరబెట్టిన సిల్వర్ క్లోరైడ్ 6.10 గ్రాములు తూగింది. మోలార్ ద్రవ్యరాశులు వరుసగా 169.9, 147.0, 143.3. ఒక కాల్షియం క్లోరైడ్‌కు రెండు సిల్వర్ నైట్రేట్, వచ్చేది రెండు సిల్వర్ క్లోరైడ్. మధ్యలో అంకెల్ని కుదించకుండా చేయండి. సరిగ్గా చేస్తే లిమిటింగ్ కాల్షియం క్లోరైడ్, సైద్ధాంతిక దిగుబడి 6.43 గ్రాములు, దిగుబడి 94.8 శాతం, మిగిలిన సిల్వర్ నైట్రేట్ 0.87 గ్రాము వస్తాయి. 85.1 శాతం వచ్చిందంటే స్ఫటిక జలం మరిచి 111.0 వేశారు. కాల్షియం క్లోరైడే లిమిటింగ్ అని తేల్చాక కూడా 190 శాతం దగ్గర వచ్చిందంటే, క్రియాజన్యం వైపున్న 2ను గుణించడం మరిచారు.